పొద్దుటి గిన్నె

మా బిడ్డ హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఇంట్లో ఎవరినీ అడగకుండా ఒక కుక్కపిల్లను కొన్నది. కుక్కలుంటే ఇల్లు ఖాళీ చెయ్యాలని అక్కడి ఇంటి యజమాని వారం తిరక్కముందే హెచ్చరించాడు. ఆ ఆదివారం చీరల దుకాణం వాళ్లిచ్చే గుడ్డసంచిలో దాన్ని పెట్టుకొని, బస్సెక్కి నల్గొండకు వచ్చి, మా వరండాలో దించింది. సంచిలోంచి ముందు ఒక దూదిముద్ద బయటికి వచ్చింది. తరువాత దానికి రెండు నల్లని కళ్లు, ఒక తడి ముక్కు ఉన్నట్టు తెలిసింది. పొమేరియన్ జాతి అట. ఎంత పెరిగినా ఒళ్లో పట్టేంతే పెరుగుతుందట.

నేను సర్కారు దఫ్తరులో ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి. అభ్యంతరం ఉంటే వరుస నంబర్లు వేసి చెప్పడం నా అలవాటు. చెప్పాను. తల్లి పాలు మరిచిందో లేదో తెలియని పిల్లను అమ్మినవాడి మీద, అమ్మేటప్పుడు ఒక్క సూచన కూడా రాసివ్వని ఆ దుకాణం మీద, అడ్వాన్సు తీసుకునేటప్పుడు చెప్పని షరతును తరువాత గుర్తుచేసుకున్న ఇంటి యజమాని మీద నాకున్న కోపమంతా చెప్పాను. మా బిడ్డ ఓపికగా విన్నది. చివరికి, "బాపూ, దీనికి దినాం నాలుగుసార్లు పెట్టాలె, మరువకు" అని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

అప్పటికి ఇంట్లో ఉన్నది నేను, నా భార్య, మా అన్న. మర్రిగూడ దిక్కున ఉన్న మా ఊళ్లో మా కుటుంబానిది గొర్ల మంద. ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణి మంద వెనక, ఒకణ్ణి బడికి పంపాలని మా నాయిన నిర్ణయించాడు. మా అన్న మంద వెనక నడిచాడు. ఫ్లోరైడ్ నిండిన ఆ ఊరి బోరు నీళ్లు తాగినవాళ్లలో చాలామందికి పట్టిన గతే ఆయనకూ పట్టింది. మోకాళ్లు వంగవు, నడుము తిరగదు. కిందటేడు గొర్లను అమ్మేసి మా దగ్గరికి వచ్చాడు. మా ఇంట్లో ఆయనకు మంచం, ఫ్యాను, టీవీ అన్నీ ఉన్నాయి. పని మాత్రం లేదు. పొద్దంతా వరండాలో మంచం మీద కూర్చొని గేటు దిక్కు చూసేవాడు.

దూదిముద్దను చూసి ఆయన చాలా రోజుల తరువాత నవ్వాడు.

"ఏందిర తమ్మీ ఇది, గొర్రెపిల్లను ఉతికి ఆరేసినట్టున్నది. తోడేలొస్తే మొరుగుతదా, దాని కాళ్లు మొక్కుతదా?"

"తోడేలు నల్గొండ దాకా రాదు లే బావా," అన్నది నా భార్య.

నిజం చెప్పాలంటే, కుక్కల మధ్యే పుట్టి పెరిగినా నేను అంతవరకు ఏ కుక్కనూ సరిగ్గా చూడలేదు. మంద కుక్కలు మాకు కర్రలాగా, గొంగడిలాగా ఉండేవి. ఇప్పుడు తీరిక ఉన్నది, చూడటం మొదలుపెట్టాను. పడుకునే ముందు అది తన చుట్టూ తాను ఎందుకు తిరుగుతుంది? నాలుగు కాళ్లూ పైకెత్తి వెల్లకిలా ఎట్లా నిద్రపోగలుగుతుంది? నా భార్య చెప్పుల్లో ఎప్పుడూ ఎడమదాన్నే నీళ్ల తొట్టి దాకా ఈడ్చుకుపోవడంలో దాని ఉద్దేశం ఏమిటి? కుక్కర్ కూతకు భయపడకుండా తల ఒక పక్కకు వాల్చి వింటుంది. తలుపు గొళ్లెం చప్పుడుకు మాత్రం మంచం కిందికి పరుగెత్తుతుంది. ఈ ప్రశ్నలను డైరీలో ఎడమ పేజీలో రాసి, జవాబుల కోసం కుడి పేజీ వదిలిపెట్టాను. కుడి పేజీలు చాలావరకు ఖాళీగానే ఉండేవి. అయినా నాకు విసుగు రాలేదు.

తిండి సంగతిలో మాత్రం ఏ సందేహానికీ చోటివ్వలేదు. గింజల దాణాను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఏ పూట ఎవరు పెట్టాలో కాగితం మీద గీతలు గీసి రాసి, ఫ్రిజ్ తలుపుకు అంటించాను. పొద్దుటి పూట నాది. చీకటి విడిపోయే వేళ గిన్నె వరండాలో పెట్టి నేను నడకకు వెళ్లేవాణ్ణి. తిరిగివచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. మా అన్న కడిగి పెట్టాడనుకొని, 'తిన్నది' అని రాసుకునేవాణ్ణి. మధ్యాహ్నం నా భార్య పెట్టేది. సాయంత్రం, రాత్రి మా అన్న తానే పెడతానన్నాడు. ఆయనకు ఒక పని దొరికిందని మేమిద్దరం సంతోషించాం.

కొన్ని రోజులకు ఒక వింత కనిపించింది. మొదట్లో నడక నుంచి వచ్చేసరికి గేటు దగ్గరికి ఉరికివచ్చిన పిల్ల, ఇప్పుడు మూల నుంచి కదలడం లేదు. లేచి నిలబడితే వెనక కాళ్లు చెరొక పక్కకు జారిపోతున్నాయి. మధ్యాహ్నం తిన్న కాసేపటికి అదే పిల్ల ఇల్లంతా పరుగెత్తుతుంది. సాయంత్రమైతే దాని కడుపు చిన్న బిందెలా గుండ్రంగా ఉంటుంది. పొద్దున లేని బలం సాయంత్రానికి ఎక్కడి నుంచి వస్తున్నది? ఇది కూడా ఎడమ పేజీలో రాశాను.

కాళ్లు తడబడే ప్రాణిని చూస్తే మా ఊళ్లో పుట్టినవాడికి తోచేది ఒక్కటే, నీళ్లు. నాకూ అదే తోచింది. బోరు నీళ్లు దానికి పెట్టకూడదని ఆజ్ఞాపించాను. ఫిల్టర్ నీళ్ల క్యాన్ తెప్పించాను. ఆ నీళ్లనూ కాచి చల్లార్చాను. పిల్ల కాళ్లు అట్లాగే జారాయి. ఎదురింటివాళ్లు వచ్చి బొమ్మలాగుంది, బొమ్మలాగుంది అని పోయినప్పటి నుంచే ఇట్లున్నదని నా భార్య ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. ప్రాణమున్నదాన్ని బొమ్మ అనేవాళ్ల మీద నాకూ కోపమే. కానీ అది వేరే సంగతి.

పశువుల దవాఖానలో డాక్టరు దాని కాళ్లన్నీ నొక్కి చూశాడు. పొద్దున సరిగ్గా తింటున్నదా అని అడిగాడు. నేను డైరీ తెరిచి ముందు పెట్టాను. ఇంత చిన్న జాతి పిల్లల కడుపులో ఎక్కువ పట్టదని, ఒంట్లో నిలువ ఉండదని, ఒక పూట తప్పినా కూలబడిపోతాయని ఆయన చెప్పాడు. ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుందన్నాడు. తింటున్నదని రాసి ఉంటే మళ్లీ తిండి సంగతే చెప్తాడేమని నాకు చిరాకు కలిగింది. ఇంకో వారం చూసి నెత్తురు పరీక్ష చేద్దామన్నాడు.

ఆ వారం గడవలేదు. ఒక పొద్దున తుంపర పడితే నడక సగంలో మాని తిరిగివచ్చాను. మా అన్న మంచం మీద కూర్చొని ఉన్నాడు. మంచం కింద పిల్ల ఒక పక్కకు పడి ఉంది. మెడ వెనక్కి వంగింది. కాళ్లు గాలిలో ఈదుతున్నట్టు ఆడుతున్నాయి. ఎత్తుకుంటే పిండిన చేతిరుమాలు పట్టుకున్నట్టుంది. నా భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

మా అన్న దాన్ని నా చేతిలోంచి తీసుకొని, నోట్లో వేలు పెట్టాడు. పుట్టిన గొర్రెపిల్ల లేవకుంటే ఆయన మొదట చేసే పని అదే. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఆయన ముఖం మారిపోయింది.

"నోరు సల్లగున్నది. కడుపుల ఏం లేని పిల్లకే గిట్లయితది."

తరువాత నా దిక్కు చూడకుండా కిటికీ గూటిని చూపించాడు.

"గిన్నె గాడున్నది తమ్మీ."

గూట్లో పళ్లెం మూతపెట్టి గిన్నె ఉంది. నేను పొద్దున నానబెట్టిన గింజలు ఉబ్బి అట్లాగే ఉన్నాయి.

 డాక్టరుకు ఫోన్ చేశాను. గ్లూకోజ్ కలిపిన నీళ్లను వేలితో చిగుళ్లకు రాయమన్నాడు, గొంతులో పొయ్యవద్దన్నాడు, వెచ్చగా చుట్టి వెంటనే తెమ్మన్నాడు. ఎండాకాలానికని తెచ్చిన గ్లూకోజ్ పొడిని నా భార్య కలిపింది. మా అన్న తన గొంగడి కొసలో దాన్ని చుట్టి, వీపు రుద్దుతూ కూర్చున్నాడు. నేను చిగుళ్లకు రాశాను. రాస్తూనే ఉన్నాను. ఆ ముక్కు మీద నుంచి నా చూపు కదలలేదు. ఊపిరి ఉన్నదా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న. ఎంతసేపటికో, నా వేలి కింద నాలుక కొస కదిలింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తరువాత అది నా వేలిని నాకడం మొదలుపెట్టింది.

ఆటోలో ముగ్గురం వెళ్లాం. డాక్టరు సూది వేసి, పొద్దున ఏం తిన్నదని అడిగాడు. ఇవాళ తినలేదని నేనన్నాను.

"తినక గాదు సారు," అన్నాడు మా అన్న నా వెనక నుంచి. "దినాం నేనే తిననిస్తలేను."

కలెక్టరు ముందు కూడా గొంతు తగ్గించనివాణ్ణి నేను. మా అన్న ముందు గొంతు ఎత్తలేను. ఇంటికి వచ్చాక, పిల్ల ఆయన పక్కన గొంగడిలో పడుకున్నాక, ఒక్క మాట అడిగాను.

"ఎందుకన్నా?"

ఆయన చెప్పింది విన్నకొద్దీ నా కోపం స్థానంలో మరేదో వచ్చి కూర్చున్నది. మంద కుక్కకు పొద్దున తిండి పెట్టరు. తిన్న కుక్క నీడ చూసుకొని పడుకుంటుంది. ఆకలిగా ఉన్న కుక్క మంద వెనక నడుస్తుంది. మాపటికి గొర్లన్నీ దొడ్డిలోకి వచ్చాక, లెక్క సరిపోయాక, దానికి కడుపునిండా పెడతారు. అందుకే నేను పెట్టిన గిన్నెను దాచి, నేను నడక నుంచి వచ్చేలోగా గింజలు వేరే గిన్నెలోకి వంచి, నా గిన్నె కడిగి బోర్లించి, సాయంత్రం ఆ గింజలను తన పూట గింజలతో కలిపి పెట్టేవాడు. దాని తిండిలో ఒక్క గింజా తగ్గించలేదు. నేను గిన్నె సంగతి రాసుకున్నాను. పిల్ల సంగతి నాకు తెలియలేదు. మందలో తల్లి నుంచి వేరుచేసిన ఇంత చిన్న కూనను ఆయన ఎన్నడూ పెంచలేదు. అక్కడ కూన మనిషి చేతికి వచ్చేసరికే తొండల వెంట పరుగెత్తుతూ ఉంటుంది.

"మూతి మీద గింత బొచ్చుంటే కుక్క అనుకున్న తమ్మీ," అన్నాడు. "ఇది ఇంక పాలు మరవని పిల్ల."

కాసేపు గేటు దిక్కు చూశాడు. నేను లేవబోతుంటే మళ్లీ అన్నాడు.

"మాపటీలి ఒక్కల చేతిల తింటే గాళ్ల యెంట పడుతది కుక్క. ఇప్పుడు నా యెంట ఏది వస్తలేదు గద."

నేను ఫ్రిజ్ మీది కాగితం చించి కొత్తది రాశాను. నాలుగు పూటలూ ఆయనవే. ఆయన కింద కూర్చోలేడు కాబట్టి గిన్నెను వరండా అరుగు మీద పెట్టి, పిల్లను పైకెత్తుకొని, అది చివరి గింజ నాకేదాకా స్టూలు మీద కదలకుండా కూర్చుంటాడు. నేను ఒక్కనాడూ అట్లా కూర్చోలేదు. గిన్నె పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. తింటున్నప్పుడు అది మధ్యమధ్య తలెత్తి ఎదుట మనిషి ఉన్నాడో లేడో చూసుకుంటుందని ఇప్పుడు తెలిసింది. ఎందుకు చూస్తుందో మాత్రం మా ఇద్దరికీ తెలియదు. ఆయన ఒక కారణం చెప్తాడు, నేను మరొకటి చెప్తాను.

టీకా వేయించే రోజున తానూ వస్తానని మా అన్న పట్టుబట్టాడు. ఆటో ఎక్కడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. దవాఖాన కిటికీ దగ్గర కార్డు రాసే అతను యజమాని ఎవరని అడిగాడు. నేను మా బిడ్డ పేరు చెప్పాను. అతను రాయడం మొదలుపెట్టాడు.

"ఆగు బిడ్డా," అన్నాడు మా అన్న. పిల్లను ఒక చేత్తో గుండెకు అదుముకొని, రెండో చెయ్యి కిటికీ చువ్వకు ఆనించి, తన పేరు, మా నాయిన పేరు, మా ఊరి పేరు వరుసగా చెప్పాడు. కొట్టివేతలున్న కార్డును నేను ఎక్కడైనా తిప్పి పంపుతాను. ఆ రోజు మా బిడ్డ పేరు కొట్టేసి మా అన్న పేరు రాసిన కార్డును భద్రంగా జేబులో పెట్టుకున్నాను.