కుంటుతోందా, తూలుతోందా

నా చిన్నప్పుడు ఇంగ్లీషంటే నాకు భయం కంటే ఒళ్ళుమంటే ఎక్కువ. ఉరవకొండ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి చదువుతున్నప్పుడు, మా సారు లింప్, స్టాగర్, ట్రడ్జ్ అని మూడు మాటలు రాయించారు. వరండాలో ఒకసారి కుంటి, ఒకసారి తూలి, ఒకసారి కాళ్ళీడ్చి చూపించి, మరునాటికి తేడా చెప్పాలన్నారు. నడవడమొక్కటే కదా, దానికిన్ని పేర్లెందుకని విసుక్కుంటూ, ఆ సాయంత్రం నోటుబుక్కు పట్టుకుని మా తాతయ్య వెంట గొర్రెల దగ్గరికి వెళ్ళాను.

ఆ ఏడు ఒక్క వాన పడి మొహం చాటేసింది. వేరుశనగ పోయింది. పక్క చేలో జొన్న మోకాలెత్తు కూడా ఎదగకుండానే వాడిపోయింది. అలా వాడిన లేత జొన్న గొర్రెలకు విషమని మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. దాన్ని ముట్టనివ్వొద్దని రెండుసార్లు చెప్పి, తాతయ్య నీళ్ళు చేదడానికి బావి దగ్గరికి వెళ్ళాడు. నేను పుస్తకంలోంచి తలెత్తేసరికి, నేడో రేపో ఈనబోయే గొర్రె జొన్నలో నిలబడి మేస్తోంది. ఆ ఏటికి మాకు మిగిలిన ఆశ అదొక్కటే. గబగబా బయటికి తోలి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

తాతయ్యకు కళ్ళలో పొరలు. దూరాన ఏదో కదులుతోందని తెలుస్తుంది కానీ, ఎలా కదులుతోందో తెలియదు. కాసేపటికి బావిగట్టు మీంచి, “పాపా, ఆ గొర్రె ఏం చేస్తాండాది?” అని అడిగాడు.

“నడస్తాండాది తాతా.”

“నడిచేది నాకూ కనపడతాండాది. ఎట్ల నడస్తాండాది? కుంటుతాండాదా, తూలుతాండాదా?”

కుంటితే కాలిలో ముల్లు. తూలితే కడుపులో విషం. అది కాళ్ళు ఎడంగా పెట్టి, అటూ ఇటూ ఒరిగిపోతోంది. నిజం చెబితే నా నిర్వాకం బయటపడుతుంది. కుంటుతోందని చెప్పాను.

ముల్లే కదా, తర్వాత తీద్దాంలెమ్మని ఆయన మళ్ళీ చేద బావిలోకి వదిలాడు. గిలక కిర్రుమంటున్నంతసేపూ నేను గొర్రెనే చూస్తున్నాను. ఆ చేద పైకి రాకముందే దాని ముందుకాళ్ళు మడతపడ్డాయి. అప్పుడు ఏడుస్తూ చెప్పాను, తూలుతోందని, జొన్న తినిందని.

ఆయన పడుతూ లేస్తూ వచ్చాడు. ఇలాంటి వేళ కోసమే సద్దిమూటలో బెల్లం ఉంచుకునేవాడు. దాన్ని నీళ్ళలో పిసికి, గొర్రె దవడ నా చేత పట్టించి, చెంబుతో పోశాడు. సగమే లోపలికి దిగింది. మిగతాది నా చేతుల మీదుగా కారిపోయింది. గొర్రె దక్కలేదు, కడుపులో పిల్లా దక్కలేదు.

అక్కడే గుంత తీసి పూడ్చాం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తగిలించినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మంద తోలుకుని వస్తుంటే దారిలో, “నేనెట్ల నడస్తాండానో చూసి చెప్పు” అన్నాడు. చూశాను. కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నావని చెప్పాను.

“ఊ. నువ్వు చెప్పిందే నేను చూసేది పాపా. ఉండేది ఉన్నట్ల చెప్పు” అన్నాడు.

మరునాడు సారు వరండాలో తూలి చూపించి, ఇదేమిటని నన్నే అడిగారు. మాట తెలుసు. సారు కాళ్ళకేసే చూస్తూ నిలబడ్డాను. నాకు రాదనుకుని కూర్చోమన్నారు.

ఇప్పుడు నేనూ పిల్లలకు ఇంగ్లీషే చెబుతున్నాను. ఎప్పుడైనా తప్పించుకోవడానికి వీలైన మాట నోటిదాకా వస్తే, నన్ను నమ్మి నింపాదిగా నీళ్ళు చేదుకుంటున్న ఆ ముసలాయన కనిపిస్తాడు. ఆ మాట మింగేసి, ఉన్నదే చెబుతాను.