పగిలిన రాతిపూస

నా చిన్నప్పుడు, పామర్రు దగ్గరి మా ఊళ్ళో ఎంత తవ్వినా నల్లమట్టే తప్ప గులకరాయి తగిలేది కాదు. రాయి ఏదైనా బయటినుంచి రావలసిందే. అందుకేనేమో మావాళ్ళకు రాయిమీద అంత గురి. ఊరూరా తిరిగి పూసలమ్మే పెద్దావిడ దగ్గర తేనెరంగు రాతిపూస కొని, జ్వరం విడవని మా తమ్ముడి మెడలో కట్టింది అమ్మ. వాడికి రెండేళ్ళు. జబ్బు రాయిలోకి దిగుతుందనీ, రాయి పగిలిన రోజున వదిలిపోయినట్టేననీ అందరూ అనేవారు.

వారమైనా పూస పగల్లేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఓపిక తక్కువ, ఇప్పటికీ తక్కువే. ఒక మధ్యాహ్నం అమ్మ బావి దగ్గరుండగా, నిద్రపోతున్న వాడి మెడలోంచి పూస తీసి, సన్నికల్లు మీద పెట్టి పొత్రంతో కొట్టాను. రెండు ముక్కలైంది. వాటిని వాడి పక్కమీద పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

అమ్మ చూసి సంతోషంతో ఏడ్చింది. మర్నాడు వాణ్ణి బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్దామనుకున్న ప్రయాణం మానేసింది. మూడు రోజులు గడిచాయి. వాడు పాలు తాగడం కూడా మానేశాడు.

నాలుగో రోజు పూసలావిడ వచ్చింది. ముక్కలను ఎండలో తిప్పి చూసింది. తర్వాత సన్నికల్లు వైపు, ఆ తర్వాత నా వైపు చూసింది.

"రాయి తన వంతు తీసుకుందమ్మా. మిగిలింది దాని వల్ల కాదు. ఈ పూటే బెజవాడ తీసుకెళ్ళండి" అంది అమ్మతో.

అమ్మ బట్టలు సర్దుతుంటే, ఆవిడ నన్ను అరుగు మీదికి పిలిచింది. దానంతటది పగిలితే బెజ్జం దగ్గర చీలుతుందట. దీని అంచున సున్నం అంటినట్టు తెల్లటి దెబ్బ ఉంది. ముక్కలు నా చేతిలో పెట్టి, "అమ్మకి ఎప్పుడూ చెప్పమాకు. నీలోనే పెట్టుకో" అంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

బస్సు ఉయ్యూరు దాటకముందే తమ్ముడు అమ్మ ఒళ్ళో పోయాడు.

అమ్మ చాలా ఏళ్ళు బతికింది. "రాయికున్న జాలి నాకు లేకపోయింది, మూడు రోజులు ఆలస్యం చేశాను" అని తనను తానే తిట్టుకునేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. పూసలావిడ ఆనాడు కాపాడింది అమ్మనో నన్నో నాకింకా తేలలేదు. ఆ మూడు రోజులూ నావి. అమ్మ అవి తనవనుకుంటూనే పోయింది.

ముక్కలు రెండూ నా కుంకుమపెట్టెలో ఉన్నాయి. ఇప్పుడు చెప్పేద్దామంటే వినవలసిన మనిషి లేదు.