మంచు యంత్రం కింద మరక

దుబాయ్‌లో మంచు పని చేస్తానంటే మా ఊళ్లో ఎవడూ నమ్మలేదు. "ఎవని చెవిల పువ్వు పెడ్తున్నవ్ రా" అని నవ్వేవారు. కానీ నేను చేసింది అదే. పెద్ద హాలు మొత్తం చల్లబరిచి, లోపల మంచు కురిపించి, పిల్లలు ఆడుకోవడానికి టికెట్లు అమ్మే చోట నేను మెకానిక్‌ని. పాతబడి గట్టిపడిన మంచును వెనక తలుపు నుంచి బయటి యార్డులోకి తోసేస్తాం. ఆ కుప్పను దూరంగా చిమ్మడానికి ఒక పెట్రోల్ యంత్రం కొన్నారు. స్నో బ్లోవర్ అంటారు. ముందువైపు మంచును లాక్కునే మర, పైన చిమ్మే గొట్టం, వెనక పట్టుకుని నడపడానికి రెండు పిడులు.

అది వచ్చిన నెలకే కరోనా వచ్చింది. ఒక్కసారి స్టార్ట్ చేసి చూసి, అల్ కుసైస్‌లోని మా కంపెనీ స్టోర్‌కు పంపేశాం. హాలుకు తాళం పడింది. వేసవి మొత్తం ఆ రేకుల షెడ్డులో యంత్రం ఉడికిపోయింది. మళ్లీ తెరుస్తున్నామని కబురొచ్చాక మా ముదీర్, అంటే మేనేజర్, నన్నూ ఇంకో పది మందినీ వెంటబెట్టుకుని స్టోర్‌కు వెళ్లాడు. టార్పాలిన్ లాగితే కొత్త యంత్రం కింద చాపంత నల్లటి మరక. ముక్కులు పగిలే పెట్రోల్ కంపు.

నా నోరు మంచిది కాదని మా ఆవిడ ఊరికే అనదు. స్టోర్ చూసుకునే భాయ్ కడప మనిషి, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. అదీ చూసుకోకుండా అందరి ముందూ ఆయన మీద విరుచుకుపడ్డాను.

"జాగ సరిపోలేదని వంచి గోడకు ఆనిచ్చిన్రు గద భాయ్? కొత్త మిషన్‌ను కరాబ్ జేసిన్రు!"

"నేనెందుకు వంచుతాప్పా? లారీవోళ్లు యాడ దింపిపోయినారో ఆడనే ఉంది. చెయ్యి గూడా పెట్టల్యా" అన్నాడాయన. నేను వినలేదు.

ముదీర్‌కు తెలుగు రాదు గానీ నా వేలు ఎవరివైపు ఉందో తెలిసింది. "స్టోర్‌లో పాడైతే స్టోర్ మనిషే ఇంటికి పోతాడు. ఇతని వీసా రెన్యువల్ కాగితం నా టేబుల్ మీదే ఉంది. మధ్యాహ్నంలోగా లీకుకు కారణమేంటో రాసివ్వు, ఖలాస్" అని హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఏడాది, ఆ వయసులో వీసా పోతే ఇంకెక్కడా పని దొరకదు. అది నాకూ తెలుసు, భాయ్‌కీ తెలుసు.

యంత్రాన్ని వెలుతురులోకి తోసి శుభ్రంగా తుడిచాను. కింద కొత్త అట్ట పరిచి కాసేపు చూస్తూ కూర్చున్నాను. పిలవకుండానే భాయ్ టార్చి తెచ్చి పట్టుకున్నాడు. అట్ట మీద రెండు చోట్ల చుక్కలు పడ్డాయి. కార్బరేటర్ కింద పడింది పెట్రోల్. రెండోది ఇంజన్ ఊపిరి గొట్టం దగ్గర నుంచి, ఆయిలే, కానీ మజ్జిగ తేటలా పల్చగా ఉంది. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీశాను. గీత దాటి ఎంతో పైదాకా ఆయిల్ అంటి ఉంది. వాసన చూస్తే పెట్రోల్.

కార్బరేటర్ కింద చిన్న గిన్నె ఉంటుంది. అది నిండగానే ఒక సూది దారి మూసి పెట్రోల్‌ను ఆపాలి. గిన్నె విప్పితే అడుగంతా బంక. ఆ బంకకు సూది దారి మూయకుండానే అతుక్కుపోయింది. గిన్నె చుట్టూ ఉండే రబ్బరు కూడా ఎండి బీటలిచ్చింది. నెలల తరబడి పెట్రోల్ ఇంజన్‌లోకి జారి, ఆయిల్‌లో కలిసి, పట్టక పొంగి బయటికొచ్చింది. పెట్రోల్ తీసేసి, దారి మూసి పెట్టుంటే ఇదేదీ అయ్యేది కాదు. అసలు ఇంత పెట్రోల్ పోసిందెవడు?

నేనే!

ఓరి దేవుడా అనుకున్నాను. అంతకుముందు ఆరేళ్లు ఫుజైరా క్వారీలో డీజిల్ జనరేటర్లు చూశాను. అక్కడ ఏ జనరేటర్‌ను పక్కన పెట్టినా ట్యాంకు నిండా పోసి పెట్టాలి. ఖాళీ ఉంటే లోపల చెమ్మ చేరి తుప్పు పడుతుంది. చేతికి అలవాటైపోయింది. దీన్ని స్టోర్‌కు పంపే రోజు కూడా అంచుదాకా పోసి, మూత బిగించి, మంచి పని చేశానని సంబరపడ్డాను. పెట్రోల్ సంగతి వేరు. ఎండకు ఆవిరై బంక మిగులుస్తుంది. అంత మెకానిక్‌నై ఉండి ఆ ముక్క నాకు తట్టలేదు.

"ఏం కనపడిందప్పా?" అన్నాడు భాయ్.

"నా మొహం కనపడ్డది" అన్నాను.

కారణం రాయాల్సిన కాగితం ఎదురుగా ఉంది. లారీ కుదుపులకు అయిందని రాస్తే అడిగేవాడు లేడు. నిజం చెప్పొద్దూ, పెన్ను అటే లాగింది. నాకూ ఇల్లుంది, అప్పుడే బడికి పోతున్న పిల్లలున్నారు. కానీ టార్చి పట్టుకున్న చెయ్యి పక్కనే ఉంది. కాగితం మీద నా పేరే రాసి, ఉన్నదున్నట్టు చెప్పడానికి ముదీర్ గదికి వెళ్లాను. ఆయన చాలాసేపు అరిచాడు. వార్నింగ్ లెటర్ ఇస్తానన్నాడు. చివరికి "ఎప్పటికి బాగవుతుంది?" అని అడిగాడు. సాయంత్రానికి అన్నాను. ఆయనే భాయ్ వీసా కాగితం లాగి నా ముందే సంతకం పెట్టాడు.

గిన్నె కడిగి, సూది శుభ్రం చేసి, కొత్త రబ్బరు వేసి, ఆయిల్ మొత్తం మార్చాను. అన్నట్టే సాయంత్రానికి యంత్రం పలికింది. కింద పరిచిన అట్ట మీద ఒక్క చుక్క లేదు. ఎగిరి గంతేసినంత పని చేసి, భాయ్ దగ్గరికి పరిగెత్తి, ముదీర్ దగ్గర తప్పు ఒప్పుకున్నాననీ వీసాకు సంతకం అయిందనీ చెప్పాను. ఆయన నవ్వలేదు.

"తిట్టింది పది మంది ముందర. తప్పు ఒప్పుకున్యది ఒగని చెవిలో. ఇదేం న్యాయమప్పా?" అని స్టోర్ తలుపు మూసుకున్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

మర్నాడు పొద్దున్న హాజరుకు అందరూ స్టోర్ ముందు వరసగా నిలబడ్డారు. ఆ పది మందీ ఉన్నారు. నేను ముందుకెళ్లి హిందీలో గట్టిగా చెప్పాను: మిషన్ పాడు చేసింది నేను, భాయ్ కాదు, నిన్న నేనన్నది తప్పు. ఎవరో "యల్లా, పనికి పదండి" అన్నారు. వరస చెదిరింది. భాయ్ మాత్రం కదల్లేదు.

"వాళ్లకు చెప్పినావు. మరి నాకు?"

"తప్పు నాదే భాయ్. మీరేం వంచలే. మాఫ్ చేయుండ్రి" అన్నాను.

ఆయన ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఈ మాట నిన్ననే అనింటే రాత్రి రెండు ముద్దలు తినేవాణ్ని గదప్పా" అన్నాడు. చేతిలో ఉన్న పరోటా పొట్లం విప్పి, "కూచో, తిందాం" అన్నాడు.