ఎడమ చెవిలో బేస్ గిటార్

పాత పాటలు చాలావరకు కీబోర్డు శ్రుతిలో ఉండవు. టేపు మీద రికార్డయిన పాట క్యాసెట్టులోకి, అక్కణ్ణుంచి కంప్యూటర్లోకి వచ్చేసరికి మధ్యలో ఏదో ఒక మోటారు కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరిగి ఉంటుంది. దాంతో పాట కీబోర్డు మీది రెండు మెట్ల మధ్య ఇరుక్కుపోతుంది. దానితో పాటు బేస్ గిటార్ వాయించాలంటే బిరడలు తిప్పుకుంటూ నాలుగు తీగల్నీ ఆ పాట ఉన్న చోటికి తీసుకెళ్ళాలి. ఈ పని ట్యూనర్‌తో అవదు, ఆ పరికరం ముల్లుకి కీబోర్డు మెట్లే తెలుసు; చెవితో చెయ్యాలి. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది అదే. అందులో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మాది పెళ్ళిళ్ళకీ రిసెప్షన్లకీ వెళ్ళే చిన్న ఆర్కెస్ట్రా. కీబోర్డు మా ఆయనది. ఇద్దరు సింగర్లు, డ్రమ్ము ప్యాడ్స్ వాయించే ఆయన ఒకరు, బేస్ నేను. అందరికీ పగలు ఉద్యోగాలున్నాయి. నేను గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ మందుల షాపు ఆఫీసులో పనిచేస్తాను. అందుకని మాకు రిహార్సల్ అంటూ ఉండదు. ఎవరికి వాళ్ళు అసలు రికార్డింగ్ పెట్టుకుని, దానితో పాటు వాయించుకుంటూ నేర్చుకుంటాం. స్టేజి ఎక్కాక మా ఆయన కీబోర్డు మీద మధ్యలో ఒక స్వరం పట్టి ఉంచుతారు. దానికి నేను మళ్ళీ శ్రుతి చేసుకుంటాను.

పోయిన ఎండాకాలం నుంచి పాటలు నన్ను సతాయించడం మొదలుపెట్టాయి. ఆదివారం కుదిరిన పాట బుధవారం కుదిరేది కాదు. "ఇది అప్‌లోడ్ చేసినవాడెవడో చెవిటి మాలోకం" అని తిట్టుకుని, అదే పాట ఇంకోచోటి నుంచి దించుకునేదాన్ని. తీగలు మార్చాను. ఎండకి గిటారు మెడ వంగిందేమోనని బాగుచేయించాను. బెజవాడ ఎండకి మనుషులే వంగిపోతారు, కర్ర ఎంత! పాట శ్రుతి అటూ ఇటూగా ఉండటం నాకు అలవాటే కాబట్టి తప్పు పాటదేనని గట్టిగా నమ్మాను.

లయ కూడా చెడింది. ప్రతి స్వరమూ సరిగ్గా పలికిందో లేదో విని మరీ ముందుకి కదులుతుంటే వేలు ఆలస్యమవుతుంది. డ్రమ్ము పడ్డాక ఒక క్షణానికి నేను పడేదాన్ని. రికార్డింగ్ ఎవరి కోసమూ ఆగదు, తన దారిన తను వెళ్ళిపోతుంది. నాలో ఏదో గుబులు మొదలైంది. స్టేజి దిగగానే "ఎలా ఉందండీ?" అని మా ఆయన్ని అడిగేదాన్ని. "కలిసింది" అనేవారు, వైర్లు చుట్టుకుంటూ. ఆ మాటతో మనసు కుదుటపడేది.

మైలవరంలో ఒక రిసెప్షన్ చేసి వచ్చాం. పెళ్ళికూతురి తరఫు వాళ్ళెవరో వీడియో తీసి మాకు పంపారు. మర్నాడు ఆఫీసులో అన్నం తింటూ చూశాను. ఒక పాట మధ్యలో నేను తీగల మీది నుంచి చెయ్యి తీసి, చెమట పట్టిన అరచేతిని కొంగుతో తుడుచుకుంటున్నాను. బేస్ మాత్రం ఆగలేదు. వెనక్కి జరిపి మళ్ళీ చూశాను. నేను చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాను, బేస్ చక్కగా నడుస్తూనే ఉంది. అంతలో వీడియో పక్కకి తిరిగింది, మా ఆయన ఎడమ చెయ్యి కనబడింది. కీబోర్డు కింది స్వరాల మీద నేను వాయించాల్సినదంతా ఆ చెయ్యే వాయిస్తోంది. నా వెనకున్న స్పీకర్లో నాకు నేను వినబడుతున్నాను గానీ, హాల్లోకి నా గిటారు వెళ్ళడమే లేదు. క్యారేజీ మూత పెట్టేశాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఫోను ఆయన ముందు పెట్టాను. "ఎప్పట్నుంచండీ ఇది?"

ఆయన బుకాయించలేదు. "ఎండాకాలం నుంచి. నీ శ్రుతి కిందకి దిగిపోతోంది. సింగర్లు పాడలేకపోతన్నారు. చెబితే తట్టుకోలేవని…"

"అందుకని సౌండు కట్టేసి నన్ను బొమ్మలాగా నిలబెట్టారా?"

"బొమ్మేంటి? నువ్వు వాయిస్తానే ఉన్నావు గదా."

"ఎవరికండీ వాయించింది? నాకు నేనేనా?"

ఆ పూట ఇద్దరం తినలేదు. కోపం వచ్చిన మాట నిజమే గానీ, దాని కంటే సిగ్గు ఎక్కువ. భోజనాల దగ్గర్నుంచి లేచి వచ్చి "మీ గిటారు బాగుందమ్మా" అన్నవాళ్ళంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళు మెచ్చుకున్నది ఆయన ఎడమ చేతిని.

మర్నాడు పొద్దున్నే ఆయన కీబోర్డు తెచ్చి స్వరం పట్టి, శ్రుతి చెయ్యమన్నారు. చేశాను. నాకు నిండుగా కలిసింది. ట్యూనర్ తగిలించి చూపించారు. ముల్లు బాగా కిందికి ఉంది. "బ్యాటరీ అయిపోయుంటుంది" అన్నాను. ఆయన వచ్చి నా ఎడమ చెవిని అరచేత్తో మూశారు. లావు తీగ మీటాను. తర్వాత కుడి చెవి మూశారు. అదే తీగ మళ్ళీ మీటాను. ఒకే తీగ, రెండు చెవుల్లో రెండు స్వరాలు. ఎడమ చెవిలోది పైకి ఉంది. దానికి తోడు కూలర్ తిరుగుతున్నట్టు ఒక హోరు. అది ఎదురింటి వాళ్ళ కూలరే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకు చాలా భయం వేసింది.

చెవి డాక్టరు పరీక్షలు చేసి, లోపలి చెవిలో నీరు పెరిగిందన్నారు. కింది స్వరాలు ఉన్నచోటి కంటే పైన వినిపిస్తాయట, పై స్వరాలు మామూలుగానే ఉంటాయట. అందుకే తీగల్ని నేను కిందికి దించుకుంటూ వచ్చాను. కొన్నాళ్ళు తగ్గి, మళ్ళీ వస్తుందట.

"ఉప్పు బాగా తగ్గించాలండి. పచ్చళ్ళ జోలికి పోవద్దు."

"పూర్తిగా నయమవుద్దా అండీ?"

"చెప్పలేమండి. మందులు వాడి చూద్దాం. రెండో చెవికి కూడా వచ్చే అవకాశం ఉంది, జాగ్రత్తగా చూసుకుంటూ ఉండాలి."

డాక్టరు రాసిన మందు మా షాపులో పెట్టెలకి పెట్టెలు ఉంటుంది. దాని పేరు ఎన్నోసార్లు కంప్యూటర్లో కొట్టాను. ఎందుకు వాడతారని ఎవర్నీ అడగలేదు. ఆవకాయ మానెయ్యడం ఒక కష్టం అనుకుంటే, అది ఈ కష్టం ముందు నవ్వులాట. బొత్తిగా వినబడకపోతే వినబడలేదని తెలుస్తుంది. ఈ జబ్బు తప్పుని ఒప్పులా వినిపిస్తుంది.

ఇప్పుడు కూచిపూడిలో ఒక పెళ్ళి ఒప్పుకున్నాం. ఆయన ఎడమ చెయ్యి కింది స్వరాల మీదికి రాకూడదు, హాల్లోకి నా గిటారే వెళ్ళాలి అని షరతు పెట్టాను. స్టేజి మీద ట్యూనర్ పెట్టుకుంటాను, అక్కడ ఇబ్బంది లేదు. కానీ ముందు పాటలు నేర్చుకోవాలిగా. వాళ్ళు అడిగిన పాత పాట ఒకటి సరిగ్గా రెండు మెట్ల మధ్య ఉంది.

"పాటని సాఫ్ట్‌వేర్లో కాస్త పైకి, మెట్టు మీదికి జరిపిస్తాను. ట్యూనర్‌తో పనైపోద్ది" అన్నారు ఆయన.

"పాటకేం రోగం? రోగం నాది" అన్నాను. మొండితనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పాట ఉన్నచోటికి నేను వెళ్ళగలనో లేదో తెలియకుండా నాకు స్టేజి ఎక్కబుద్ధి కాలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చున్నాం. ఎడమ చెవిలో దూది పెట్టుకున్నాను. దూదికి బేస్ ఆగలేదు, హోరూ ఆగలేదు. డాక్టరు చెప్పినప్పటి నుంచి కుడి చెవిని కూడా నమ్మలేకపోతున్నాను. పాట పెట్టి నేను బిరడ తిప్పుతుంటే ఆయన పక్కనుంచి చెబుతూ వచ్చారు. "కొంచెం పైకి. ఇంకొంచెం. ఆఁ, ఎక్కువైంది, దించు. చాలు, అక్కడుంచు." నాలుగు తీగలూ అలాగే చేశాం. ఏ ఒక్కటీ నాకు కలిసినట్టు అనిపించలేదు.

పాట మొదటికి తీసుకెళ్ళి చివరిదాకా వాయించాను. నన్ను నేను వినడం మానేసి డ్రమ్ము మీదే మనసు పెట్టాను. ఆలస్యం కాలేదనే అనుకుంటున్నాను. నా చెవికి మాత్రం రికార్డులో పాడే ఆమె ఒకచోట, నేను ఇంకోచోట. పాట అయిపోయాక ఆయన వైపు తిరిగాను.

"కలిసిందాండీ?"

"కలిసింది" అన్నారు.

ఇన్ని నెలలూ స్టేజి దిగినప్పుడల్లా ఇదే మాట, ఇదే గొంతుతో చెప్పారు. అప్పుడది అబద్ధం. ఇప్పుడు నిజమో కాదో తేల్చుకునే చెవి నాకు లేదు.