చింపని జవాబు కార్డు

ప్రతి ఏడూ తపాలా పాఠం చెప్పే రోజున అట్టపెట్టె మూత తీస్తాను. కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకి నాకు తల ఎత్తబుద్ధి కాదు. భవానీపూర్‌లో నేను చరిత్ర చెప్పే బడిలో ఈ పాఠానికి మంచి పేరే ఉంది. పాత కార్డుల మీది గుండ్రటి ముద్రలు చదివి, ఏ ఊరి ఉత్తరం ఏ దారిన ఎన్నాళ్లకు చేరిందో పిల్లలు పటం మీద గీతలు గీస్తారు. అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ పాఠం నాది కాదు, మా రూతమ్మ టీచర్‌ది.

మా నాన్న ఈ బెంగాలీ నగరపు రేవులో మూటలు మోసే రోజుల్లో, రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఆవిడ మా తెలుగు టీచర్. శ్రీకాకుళం నుంచి మా ఇళ్లకు వచ్చిన కార్డులే మాకు చరిత్ర పుస్తకం, భూగోళం కూడా. ముద్ర చూడకుండా ఊరి పేరు ఊహించి చెబితే ఊరుకునేది కాదు. "కళ్లు ఎక్కడెట్టుకున్నావే గుంటా? ముద్ర సూడు, అదే సెప్తాది," అనేది. ఒకరోజు రెండు కార్డులు అతికినట్టున్న కార్డొకటి తెచ్చింది. ఒక సగం మీద మనం రాసి పంపాలి, రెండో సగం చింపుకుని అవతలివాళ్లు జవాబు రాయాలి. "జవాబుకి బిళ్ల కూడా అడిగినోళ్లదే. ఇంక రాయకపోడానికి వంకేటుంది?" అని నవ్వింది. మేమూ నవ్వాం.

నాకు ఉద్యోగం వచ్చాక ఆవిడ దగ్గర నుంచి అలాంటి కార్డే వచ్చింది. "కరుణా, పిల్లలకు మన కార్డుల పాఠం చెప్పావా? వాళ్లేమన్నారు? పెద్ద అక్షరాలతో రెండు ముక్కలు రాయి. చూపు ఉండగానే చదువుకుంటాను."

రాయలేదు. కాలేజీ చదువంతా ఇంగ్లీషు, బెంగాలీలతో గడిచిపోయి ఒత్తులు కూడా మరిచిపోయాను. ఆవిడకు తప్పులతో రాయడానికి నాకు నామోషీ. ఆదివారం వాట్‌గంజ్ వెళ్లి కలుద్దాంలే అనుకున్నాను. బస్సెక్కితే అరగంట దారి. అలా ఎన్ని ఆదివారాలు పోయాయో! చివరికి ఆవిడ పోయిందని తెలిసి వెళ్లాను. పక్కింటి అప్పయ్యమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనేటమ్మా కరుణవి? పోస్టు దాదా వచ్చినప్పుడల్లా నీ కార్డొచ్చిందేటని అడిగీది. సూపు పోయినాక కూడా అడిగీది. వస్తే నన్ను సదివి పెట్టమనీది."

ఆమె నన్ను తప్పుపట్టలేదు. తప్పుపట్టినా బాగుండేది.

ఈ ఏడాది పాఠంలో రియా అనే పిల్ల పెట్టెలోంచి ఆవిడ కార్డు తీసి విప్పి చూసింది. "మిస్, రెండో సగం ఇక్కడే ఉందేంటి? మీరు జవాబు రాయలేదా?"

"మీకు చూపించాలనే దాచాను," అన్నాను. ఛీ, ఆవిడ కార్డు ఎదురుగా పెట్టుకుని అబద్ధం!

రియా నమ్మేసింది. "మరి ఈ గీతలేంటి మిస్?" అంది.

ఖాళీ సగం మీద పెన్సిలు గీతలు, ఒకటో తరగతి పిల్లలకు గీసిచ్చినట్టు వెడల్పుగా. పైన "టీచర్ గారికి" అని ఆవిడ చేతిరాతే. నేను తెలుగు మరిచిపోయుంటానని ఆవిడకు తెలుసు. అందుకే మొదటి మాట తనే రాసిపెట్టింది. కార్డు వచ్చిన రోజున ఆ గీతలు చూసి, నన్నింకా చిన్నపిల్లననుకుంటోందని ఉక్రోషపడ్డాను కూడా.

"అవి మా టీచర్ నాకోసం గీసినవి. నేను రాయలేదమ్మా," అన్నాను.

"ఎందుకు రాయలేదు మిస్?"

వెతుకుతూనే ఉన్నాను. ఒక్క వంకా దొరకడం లేదు.