ఒకే మేనమామ, మూడు కథలు

ఇద్దరు పెద్దవాళ్ల పరువు ఒకే మధ్యాహ్నం తీసిన ఘనత నాది. అదీ సాయం చేయబోయి. ఎలాగో చెబుతాను, మీరైనా జాగ్రత్తపడండి.

యాభైల్లో మద్రాసు చింతాద్రిపేటలో, నూలుకొట్టు మునుస్వామినాయుడుగారి మేడ మీద, ఆదివారాలు ముగ్గురం కథలు చదువుకునేవాళ్లం: నాయుడుగారు, బడిపంతులమ్మ కనకమ్మగారు, నేను. ఎవరి కథ ఆగిపోయినా మిగతావాళ్లు నడిపించాలి. ఒక్క కథ అచ్చయిన గర్వంతో, అందరికంటే చిన్నవాణ్ణయినా, ఆగిన కథలకు వైద్యుడి హోదా నేనే తీసుకున్నాను.

ఒక వారపత్రిక సంపాదకుడు మా కథలు వినడానికి వస్తానన్నాడు. నచ్చినదాన్ని వేసుకుంటాడట. ఆ వారమే నాయుడుగారు నన్ను దారిలో పట్టుకున్నారు.

"నా కథలో పిల్ల పెండ్లి ఆడనే నిలిచిపోయిండాదప్పా."

"రంగూనులో చనిపోయాడనుకున్న మేనమామను ఓడ దింపండి. గుబురుగడ్డం, చేతిలో గొడుగు. ఆయనే పెళ్లి చేస్తాడు."

"బాగుండాది. కనకమ్మకు చెప్పొద్దు."

రెండు రోజులకు కనకమ్మగారు వచ్చారు. "నా కథలో అన్నదమ్ములు ఎంతకీ కలవడం లేదు నాయనా."

నాకు వేరే మందు తోచలేదు. ఆమెకూ మేనమామనే ఇచ్చాను, గొడుగుతో సహా. నాయుడుగారితో అనవద్దన్నారు. అనలేదు. మాట మీద నిలబడే మనిషిని. ఈలోగా నేను రాస్తున్న కథా ఆగింది. ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు.

ఆదివారం నాయుడుగారు చదివారు. మేనమామ హార్బరులో దిగాడు. సంపాదకుడు తలూపాడు. తర్వాత కనకమ్మగారు. రెండో పేజీలో గొడుగు కనిపించగానే నాయుడుగారి కాఫీ గ్లాసు గాల్లో ఆగింది.

"ఇదేందమ్మా, మా మామ నీ కథలోకి వచ్చినాడు?"

"మీ మామేమిటండీ? ఆయన నావాడు."

ఇద్దరూ కలిసి నా వైపు తిరిగారు.

"మీదీ చదవండి," అన్నాడు సంపాదకుడు తాపీగా.

నా కాగితంలో మేనమామ అప్పటికే ఓడ మెట్ల మీద ఉన్నాడు. దిగితే నా పని అయిపోయినట్టే. అందుకని ఆ వాక్యం చదవకుండా, కాగితంలో లేని తుపానొకటి అక్కడికక్కడే లేపి, ఓడను నడిసముద్రంలో ముంచేశాను. ఒడ్డున పిల్ల ఒంటరిగా నిలబడింది.

సంపాదకుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఇదండీ కథ. ఎవరూ రాలేదు, చూశారా?" ఆ ముగింపు నాచేత అక్కడే రాయించుకుని, నా కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాయుడుగారు చల్లారిన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మాకు దింపమని చెప్పి, నువ్వు మాత్రం ముంచేసుకున్నావే."

మూడు వారాలు ఆ మేడ మెట్లెక్కే ధైర్యం చేయలేదు. మెరీనాలో సముద్రం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇకపై ఎవరి కథ ఆగినా ఆగనిస్తాను. మరీ బతిమాలితే, ఒకరికి మామ, ఒకరికి బాబాయి. ఎవరికి ఏ చుట్టాన్ని పంపానో ముందు రాసిపెట్టుకుంటాను.