ఆ ఫొటోలో కొబ్బరిచెట్లు

2009 వరదల్లో కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ మునిగినప్పుడు మేము వనపర్తిలో ఉండేవాళ్లం. కాలనీ ఆడవాళ్లం రెండు రోజులు కూర్చుని జొన్నరొట్టెలు నిలవుండేలా కడక్‌గా కాల్చి, దుప్పట్లతో కలిపి మూటలు కట్టాం. అంతలో సేవాసంఘం వాళ్లమంటూ ఇద్దరు జీపులో దిగారు. "మూటలు మాకియ్యండి, మేం పంచుతం" అంటూ మునిగిన ఊరి ఫొటో ఒకటి చూపించారు.

"ఇది ఏ ఊరు సారూ?" అన్నాను.

"ఇటిక్యాల పక్కనే అమ్మా."

"నేను పుట్టింది గాడనే. మావన్నీ మట్టి మిద్దెలు. ఈ తాటాకు ఇండ్లు, ఇన్ని కొబ్బరిచెట్లు ఏడికెల్లొచ్చినయ్? వరదల కొట్టుకొచ్చినయా?"

"దానం కాడ గూడ పంచాయతేనా? నోరు మూస్కో!" అని మా ఆయన అందరి ముందు గదిమాడు. తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చున్న మూట మీద నుంచి లేవలేదు. "అయితే నన్ను గూడ జీపుల తీస్కపోండి. ఆ ఊరు చూపిస్తే మీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"డీజిల్ పోయించుకొని వస్తం" అని పోయిన జీపు మళ్లీ రాలేదు.

మరునాడు మేమే డీసీఎం వ్యానులో బీచుపల్లి వంతెన దాటి వెళ్లి, బడిలో తలదాచుకున్నవాళ్ల చేతికే మూటలిచ్చాం. సంగతి విని, ఆ బడిలోనే ఉన్న మా చిన్నమ్మ రొట్టె విరుస్తూ, "నీ నోరే మాకు బువ్వ పెట్టింది బిడ్డా" అంది. మూటలు మోస్తున్న మా ఆయన తల వంచుకున్నాడు.

నిజంగా పంచేవాళ్లకు ప్రశ్నంటే కోపం రాదు, వెంట వస్తానంటే సంతోషిస్తారు. ఇప్పుడు చందాకు ఎవరొచ్చినా మా ఆయనే, "జర ఆగుండ్రి, మా ఆమెను పిలుస్త" అంటాడు.